అంకెల్లో స్త్రీలు: ఎవరు లెక్కపెడుతున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు?

(జిల్లాల నుంచి వచ్చిన మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



గణాంకాల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు కొంచెం సంకోచించాను. పొద్దుటి నుంచి మీరు వరకట్న కేసుల గురించి, బాల్య వివాహాల గురించి, పట్టాల్లో ఆడవాళ్ల పేర్లు ఎక్కించడం గురించి మాట్లాడుతున్నారు. ప్రతిదాని వెనకా ఒక మనిషి ఉంది, ఆమెకొక పేరు ఉంది. భోజనాల తర్వాత ఒకావిడ వచ్చి శాతాలు, సూచికలు అని మొదలుపెడితే నిద్ర రావడం సహజమే. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే రేపు మీరు మండల ఆఫీసుకో, కలెక్టరేటుకో వెళ్లి ఒక సమస్య చెబితే అటువైపు నుంచి వచ్చే మొదటి జవాబు "మా లెక్కల ప్రకారం అలాంటిదేమీ లేదండీ" అని. ఆ లెక్క ఎక్కడిది, ఎవరిని అడిగి రాశారు, అందులో ఎవరు లేరు అని ఎదురు ప్రశ్న వేయడం చేతకాకపోతే మన నోరు అక్కడే మూతపడుతుంది.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట పరిశోధన కోసం నిజామాబాదు జిల్లాలో ఇంటింటికీ తిరుగుతున్నాను. ఒక ఇంటి అరుగు మీద ఇంటాయన కూర్చుని నా ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాడు. "మీ భార్య ఏం పని చేస్తుంది?" అని అడిగాను. "ఆమె ఏం జెయ్యదు మేడం, ఇంట్లనే ఉంటది" అన్నాడు. నేను 'ఇంటి పని' అని రాసేశాను. రెండు గజాల దూరంలో, గడప పక్కన ఆమె ఒళ్లో చాట పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి బీడీలు చేస్తోంది. తల ఎత్తకుండానే అంది: "మరి గీ వెయ్యి బీడీలు ఎవలు చేస్తున్నరు?" ఆయన నవ్వాడు. నేను కాగితం మీద కొట్టేసి మళ్లీ రాశాను. స్త్రీల శ్రమ గురించి డాక్టరేటు చేస్తున్నదాన్ని నేను. కళ్లెదుట జరుగుతున్న శ్రమను కూడా మగవాడి నోటి మాట మీదే రాశాను. ఆమె ఆ మాట అనకపోతే ఆ రోజు లెక్కల్లో ఒక కార్మికురాలు తగ్గిపోయేది. అలా ఎన్ని లక్షల గడపల దగ్గర ఎంతమంది తగ్గిపోయారో అని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

లక్ష్యాలు ఎక్కడివి, అంకెలు ఎక్కడివి?

అంకెల కోసం స్త్రీల ఉద్యమం పోరాడడం ఇవాళ్టి సంగతి కాదు. 1971లో కేంద్ర ప్రభుత్వం స్త్రీల స్థితిగతుల మీద ఒక కమిటీ వేసింది. ఫుల్‌రేణు గుహ అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. 1974లో వాళ్లు ఇచ్చిన 'సమానత్వం దిశగా' నివేదిక స్వతంత్ర భారతదేశపు ఆత్మసంతృప్తిని చెదరగొట్టింది. అందులో ఉన్న బలమైన ఆధారాల్లో ఒకటి మామూలు జనాభా లెక్కే. 1901లో వెయ్యి మంది పురుషులకు 972 మంది స్త్రీలు ఉంటే, 1971 నాటికి 930 మందే ఉన్నారు. ఆ అంకె అన్నేళ్లూ ప్రభుత్వ పుస్తకాల్లోనే ఉంది. దాన్ని స్త్రీల వైపు నుంచి చదివినవాళ్లు లేరు, అంతే.

1995లో బీజింగ్ మహాసభ కార్యాచరణ ప్రణాళికలో స్త్రీ పురుషుల వారీగా విడివిడిగా లెక్కలు తయారు చేయాలనే అంశాన్ని ప్రత్యేకంగా పెట్టారు. 2000లో ఐక్యరాజ్యసమితి సహస్రాబ్ది లక్ష్యాలు 8 వచ్చాయి, 2015 గడువుగా. ఆ గడువు ముగిసిన ఏడాదే, 2015 సెప్టెంబరులో, సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు 17 వచ్చాయి. వాటి కింద 169 ఉప లక్ష్యాలు, వాటిని కొలవడానికి 230కి పైగా సూచికలు. గడువు 2030. ఐదో లక్ష్యం స్త్రీ పురుష సమానత్వం. హింస, బాల్య వివాహాలు, జీతం లేని ఇంటి చాకిరీ, భూమి మీద హక్కు, రాజకీయాల్లో భాగస్వామ్యం అన్నీ అందులో ఉన్నాయి. మన దేశం తన వంతుగా 2018లో 306 సూచికలతో ఒక జాతీయ సూచికల చట్రాన్ని ప్రకటించింది. తర్వాత దాన్ని సవరిస్తూ వస్తున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఐక్యరాజ్యసమితి మన ఊరికి గణకుల్ని పంపదు. న్యూయార్కులో ప్రచురించే అంకె మన జాతీయ గణాంక వ్యవస్థ నుంచే పోవాలి. ఇక్కడి అంకె లేకపోతే, లేదా నమ్మదగ్గదిగా లేకపోతే, అంతర్జాతీయ సంస్థలు ఒక నమూనా సూత్రంతో అంచనా కడతాయి. అంటే మన ఊళ్లో లెక్కపెట్టని స్త్రీ గురించి ఎక్కడో కంప్యూటరు ఊహించి చెబుతుంది. అందుకే లక్ష్యాల పట్టిక చూసి సంతోషపడకుండా, దాని కింద ఉన్న మూలాధారం ఏమిటని చూడడం అలవాటు చేసుకోవాలి.

నాలుగు మూలాలు

మన దేశంలో అంకెలు ప్రధానంగా నాలుగు చోట్ల పుడతాయి.

మొదటిది జనాభా లెక్కలు. ప్రతి ఇంటినీ, ప్రతి మనిషినీ లెక్కించేది ఇదొక్కటే. అందుకే గ్రామం స్థాయి వరకు అంకెలు ఇస్తుంది. 1881 నుంచి పదేళ్లకోసారి తప్పకుండా జరిగింది. 2021లో జరగాల్సినది మాత్రం జరగలేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని జరపాలని 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు, అందులో కులాల వివరాలు కూడా సేకరిస్తామన్నారు. ఈ ఆలస్యం వల్ల మనకేమిటని అనుకోకండి. ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి బియ్యం ఇవ్వాలో 2011 జనాభాను బట్టే నిర్ణయించారు. ఆ తర్వాత పెరిగిన కుటుంబాలు కార్డు కోసం క్యూలో నిలబడ్డాయి. 2023లో ఆమోదించిన 106వ రాజ్యాంగ సవరణ చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు సీట్లు ఇస్తూనే, అది తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలవుతుందని రాసింది. మన సీట్లకూ లెక్కలకూ ముడి అలా పడింది.

రెండోది జనన మరణాల నమోదు. 1969 చట్టం ప్రకారం ప్రతి పుట్టుకా ప్రతి చావూ నమోదు కావాలి. నమోదు ఇదివరకటి కంటే బాగా పెరిగింది. కానీ మనిషి ఎందుకు చనిపోయిందనేది రాయడంలో చాలా వెనకబడి ఉన్నాం. 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఈ లోటు పూడ్చడానికే శాంపిల్ రిజిస్ట్రేషన్ పద్ధతి ఉంది. దేశమంతటా ఎంపిక చేసిన ఎనిమిది వేలకు పైగా గ్రామాలు, పట్టణ బ్లాకుల్లో ఒక గణకుడు ఎప్పటికప్పుడు జననాలు మరణాలు రాస్తుంటాడు, ఆరు నెలలకోసారి మరొకరు వచ్చి విడిగా సర్వే చేసి రెండూ పోల్చి చూస్తారు. మాతృ మరణాల రేటు, శిశు మరణాల రేటు ప్రభుత్వం చెప్పేది దీని ఆధారంగానే.

మూడోది నమూనా సర్వేలు. 1950లో మహలనోబిస్ చొరవతో మొదలైన జాతీయ నమూనా సర్వే, 2017-18 నుంచి ఏటా వస్తున్న శ్రామిక శక్తి సర్వే, 1992-93లో మొదలైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ కోవలోవి. 2019-21లో జరిగిన ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 లక్షల 36 వేలకు పైగా ఇళ్లలో 7 లక్షల 24 వేలకు పైగా స్త్రీలను అడిగారు. స్త్రీలను నేరుగా అడిగే పెద్ద సర్వే కాబట్టి మనకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

నాలుగోది శాఖల రికార్డులు. అంగన్‌వాడీ రిజిస్టరు, ఏఎన్ఎం రాసే పుస్తకం, బడి హాజరు, పోలీసు స్టేషన్లో ఎఫ్ఐఆర్. ఇవి ఎప్పటికప్పుడు దొరుకుతాయి, మండలం దాకా దొరుకుతాయి. అయితే ఇవి ప్రభుత్వం దగ్గరికి వచ్చిన వాళ్ల లెక్కలే. రాని వాళ్లు వీటిలో ఉండరు.

ఈ నాలుగింటికీ ఉన్న తేడా తెలిస్తే సగం పని అయినట్టే. ఇప్పుడు కొన్ని ఉదాహరణలు చూద్దాం.

తల్లుల మరణాలు

2030 నాటికి లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 70 లోపు ఉండాలన్నది లక్ష్యం. మన దేశంలో 2014-16లో 130 ఉన్న రేటు 2018-20 నాటికి 97కు తగ్గింది. అదే కాలానికి కేరళలో 19, అస్సాంలో 195. తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది నిజమైన విజయమే, దీన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. ఆశాలు, ఏఎన్ఎంలు, ఆస్పత్రుల్లో నర్సులు చేసిన పని దీని వెనక ఉంది.

అయితే ఈ అంకె రాష్ట్రానికి సగటు మాత్రమే. మాతృ మరణం అరుదైన ఘటన కాబట్టి నమూనా సర్వేలో ఒక్క ఏడాది లెక్క చాలదు, మూడేళ్లవి కలుపుతారు. అలా కలిపినా జిల్లాకు లెక్క కట్టలేరు. ఏజెన్సీ మండలాలకు, ఆదివాసీ స్త్రీలకు విడిగా రేటు ఇందులో రాదు. "మన రాష్ట్రం 2030 లక్ష్యాన్ని ఇప్పటికే దాటేసింది" అన్న మాట నిజమే, అదే వాక్యం కింద డోలీలో మోసుకొస్తుండగా దారిలో చనిపోయిన గర్భిణి కనిపించకుండా పోవడమూ నిజమే.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లాలో మరణాల సమీక్ష కాగితాలు చూస్తుండగా ఒక చనిపోయిన అమ్మాయి తల్లి నన్ను కలిసింది. కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుట్టింటి ఊరు ఒక జిల్లా, అత్తగారి ఊరు ఇంకో జిల్లా. కాన్పయ్యాక మూడో వారంలో జ్వరం, ఉబ్బు. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి, అక్కడి నుంచి నగరానికి పంపారు. దారిలో పోయింది. పుట్టింటి జిల్లా వాళ్లు "ఆమె మా మనిషి కాదు" అన్నారు. అత్తగారి జిల్లా వాళ్లు "ఇక్కడ చనిపోలేదు" అన్నారు. నగరం వాళ్లు "మా దగ్గర చేరనే లేదు" అన్నారు. కాన్పయిన 42 రోజుల లోపు, కాన్పుకు సంబంధించిన కారణంతో చనిపోతే మాతృ మరణమే. నిర్వచనం స్పష్టంగా ఉంది. కానీ ఆ మరణం రాసుకునే పుస్తకం మూడు చోట్లా దొరకలేదు. ఆ తల్లి నన్ను డబ్బు అడగలేదు, శిక్ష అడగలేదు. "నా బిడ్డ కాన్పుతోనే పోయిందని ఎక్కడన్నా రాయండమ్మా" అంది. గణాంకం అంటే ఏమిటో అంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు.

బాల్య వివాహాలు

ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయిన వాళ్లు దేశంలో 23.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 29.3, తెలంగాణలో 23.5. ఇక నేషనల్ క్రైం రికార్డ్స్ బ్యూరో పుస్తకం తెరిస్తే 2021లో బాల్య వివాహాల నిషేధ చట్టం కింద దేశమంతటా నమోదైన కేసులు 1,050. ఒకే విషయం మీద రెండు ప్రభుత్వ లెక్కలు ఇవి. ఒకటి ఆడపిల్లల జీవితం గురించి చెబుతుంది, రెండోది పోలీసుల పని గురించి చెబుతుంది. రెండో దాన్ని చూపించి మొదటి దాన్ని కాదనే అధికారికి ఈ తేడా మనమే చెప్పాలి.

ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. ఈ సూచికలో అడిగేది 20 నిండిన వాళ్ల గురించి. 2020 లాక్‌డౌన్‌లో బడులు మూసేసినప్పుడు 14 ఏళ్ల పిల్లకు పెళ్లి చేశారనుకుందాం. ఆమెకు 20 నిండేది 2026లో. 2019-21 సర్వేలో ఆమె ఈ సూచికలోకి రానే రాదు. అంటే ఈ అంకె తగ్గిందని చెప్పినప్పుడు అది కొన్నేళ్ల కిందటి సంగతి చెబుతోందని గుర్తుపెట్టుకోవాలి. నిన్న మీ ఊళ్లో జరిగిన పెళ్లి సంగతి అంగన్‌వాడీ టీచరుకు, బడిలో హాజరు పట్టికకు తెలుసు, సర్వేకు తెలియదు.

హింస

అదే సర్వేలో, 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో భర్త చేతిలో హింస ఎప్పుడో ఒకప్పుడు అనుభవించామని చెప్పిన వాళ్లు 29.3 శాతం. శారీరక, లైంగిక హింసకు గురైన వాళ్లలో 77 శాతం మంది ఎవరికీ చెప్పలేదు, ఎవరి సాయమూ అడగలేదు. ఈ ప్రశ్నలు ఇంట్లో ఒక్క స్త్రీనే, ఎవరూ వినకుండా అడగాలన్న నియమం ఉంది. కొన్ని ఇళ్లలోనే అడుగుతారు కాబట్టి ఈ అంకె రాష్ట్రానికే గానీ జిల్లాకు ఉండదు. జిల్లా పట్టికలో లేదు కాబట్టి మా జిల్లాలో హింస లేదని ఎవరైనా అంటే ఊరుకోకండి.

నేరాల లెక్కకు ఇంకో పరిమితి ఉంది. ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నిటికంటే పెద్ద నేరం కిందే లెక్కిస్తారు. అత్యాచారం చేసి చంపేస్తే అది హత్యల లెక్కలోకి పోతుంది. 2005 గృహహింస చట్టం కింద మనం వేయించే దరఖాస్తులు సివిల్ స్వభావం ఉన్నవి. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే అది నేరం. కాబట్టి వాటిలో చాలా మటుకు నేరాల పుస్తకంలో కనిపించవు.

ఇక అసలు ప్రమాదం. నీతి ఆయోగ్ రాష్ట్రాలకు మార్కులు వేసే సూచీలో ఐదో లక్ష్యం కింద, 2020-21లో, లక్ష మంది స్త్రీలకు నమోదైన నేరాల రేటును కూడా పెట్టారు. నేరాలు ఎక్కువ నమోదైతే మార్కులు తగ్గుతాయి. స్టేషనుకు వెళ్లిన స్త్రీ ఫిర్యాదు తీసుకుని కేసు కట్టిన రాష్ట్రం వెనకబడుతుంది, కౌన్సెలింగ్ పేరుతో ఇంటికి పంపేసిన రాష్ట్రం ముందుకొస్తుంది. తప్పుడు సూచిక ఉత్త లెక్క తప్పు కాదు, అది కేసు కట్టొద్దని ఎస్సైకి ఇచ్చే ఆదేశం కూడా అవుతుంది. మనం కూడా జాగ్రత్తగా ఉండాలి. కేసులు పెరిగాయి కాబట్టి హింస పెరిగిందని ఆవేశంగా కరపత్రంలో రాసేస్తుంటాం. చెప్పుకునే ధైర్యం పెరిగినా కేసులు పెరుగుతాయి.

పని

నా బీడీ కార్మికురాలి దగ్గరికి మళ్లీ వస్తాను. 1961 జనాభా లెక్కలతో పోలిస్తే 1971లో పని చేసే స్త్రీల శాతం సుమారు సగానికి పడిపోయింది. పదేళ్లలో సగం మంది ఆడవాళ్లు పని మానేశారా? మానలేదు. 1971లో 'నీ ముఖ్యమైన పని ఏది' అని అడిగారు. 'ఇంటి పని' అని జవాబు వచ్చింది. ప్రశ్న మారింది, స్త్రీలు మాయమయ్యారు. దేవకీ జైన్ 1970లలో రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో స్త్రీలు రోజంతా ఏం చేస్తున్నారో గమనించి రాయించి, అధికారిక లెక్కలు వదిలేసిన శ్రమను చూపించారు. 1991 జనాభా లెక్కల ప్రశ్నలోనే 'సొంత పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా' అని స్పష్టంగా చేర్చారు.

ఇప్పటి శ్రామిక శక్తి సర్వేలో 92, 93 అని రెండు కోడ్‌లున్నాయి. 92 అంటే ఇంటి పని మాత్రమే. 93 అంటే ఇంటి పనితో పాటు కట్టెలు, మేత, నీళ్లు తేవడం, ఇంటి కోసం కుట్టడం, నేయడం వగైరా. ఈ రెండు కోడ్‌లలో పడ్డ స్త్రీ శ్రామిక శక్తిలో లేనట్టే.

పదిహేనేళ్లు పైబడిన స్త్రీలలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పెద్ద పెరుగుదలే. విడదీసి చూస్తే, పని చేస్తున్న స్త్రీలలో స్వయం ఉపాధి వాళ్లు 51.9 శాతం నుంచి 67.4 శాతానికి పెరిగారు. 2023-24లో కుటుంబ పొలంలోనో కొట్లోనో జీతం లేకుండా సాయం చేసేవాళ్లే 36.7 శాతం. వాళ్లను కార్మికులుగా గుర్తించడం న్యాయమే. కానీ దాన్ని ఉద్యోగాలు పెరిగినట్టు ప్రచారం చేస్తే ఒప్పుకోకూడదు.

ఇంటి చాకిరీకి కూడా ఇప్పుడు ఒక లెక్క ఉంది. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా కాల వినియోగ సర్వే చేశారు. అందులో మన రాష్ట్రం లేదు. దేశమంతటా చేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2019 సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో అవి 289, 88. ఐదేళ్లలో స్త్రీలకు పది నిమిషాలు తగ్గింది. పురుషులకూ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

అడగని ప్రశ్నలు

ఎక్కడో రాసుకొచ్చిన సూచికల్లో మన బాధలన్నీ ఉండవు. గర్భసంచి ఆపరేషన్ల సంగతే తీసుకోండి. ముప్పై, ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకున్న కూలి ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆరోగ్య కార్యకర్తలు ఊళ్లలో తిరిగి లెక్కలు తీసి ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2015-16లో, ఈ ప్రశ్న అడిగితే 15-49 ఏళ్ల స్త్రీలలో ఆపరేషన్ అయిన వాళ్లు దేశంలో 3.2 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 అని వచ్చింది. సుస్థిర లక్ష్యాల సూచికల్లో దీనికి చోటు లేదు. అక్కడ లేదు కాబట్టి ఇక్కడ సమస్య కాదనుకుంటే ఎంత పొరపాటు!

ఆత్మహత్యల లెక్క ఇంకొకటి. 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 45,026 మంది అయితే, అందులో 23,178 మందిని 'గృహిణులు' అని రాశారు. వాళ్లలో ఎంతమంది పొలం చేసేవాళ్లో ఆ పట్టిక చెప్పదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం స్త్రీల పేరున ఉన్న కమతాలు 14 శాతం లోపే. పట్టా లేని స్త్రీ బతికుండగా రైతు కాదు, చనిపోయాక కూడా రైతు కాదు. పట్టా ఉన్నవాళ్లకే వర్తించేలా పెట్టిన రైతు బీమా కౌలు చేసే ఒంటరి స్త్రీ ఇంటికి రాదు. ఇక్కడ ఒక గడిలో రాసిన ఒక మాట అయిదు లక్షల రూపాయల తేడా తెస్తుంది.

మరి మనం ఏం చేయాలి?

ఒకటి. ఏ అంకె విన్నా అయిదు ప్రశ్నలు వేయండి. ఎవరు సేకరించారు? ఏ సంవత్సరానిది? ఎవరిని అడిగారు? దేనికి దేన్ని అన్నారు, అంటే నిర్వచనం ఏమిటి? ఎవరు ఇందులో లేరు?

రెండు. పోల్చరాని వాటిని పోల్చకండి. 2005-06 సర్వేలో ఉమ్మడి రాష్ట్రం ఉంది, 2015-16లో రెండు రాష్ట్రాలున్నాయి. ఆ సర్వేలో తెలంగాణకు 10 జిల్లాలు, 2019-21లో 31. నిజానికి అప్పటికే అవి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలను 2022లో 26 చేశారు. పాత మహబూబ్‌నగర్ అంకెనూ కొత్త మహబూబ్‌నగర్ అంకెనూ పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అంటే మన వాదనే పలచబడుతుంది.

మూడు. మీ దగ్గర ఒక పుస్తకం పెట్టుకోండి. మీరు పని చేసే ఊళ్లలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య చనిపోయిన ప్రతి స్త్రీ గురించి తేదీ, ఊరు, గర్భిణా, కాన్పయి ఎన్ని రోజులయింది, ఎక్కడెక్కడికి తీసుకెళ్లారు అని రాయండి. బడి మానేసిన ప్రతి ఆడపిల్లనూ రాయండి. పంచాయతీ మరణాల రిజిస్టరుతో, అంగన్‌వాడీ, ఏఎన్ఎం పుస్తకాలతో పోల్చండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కానీ మీ పుస్తకంలోని దాన్ని జిల్లా శాతంగా మార్చి చెప్పకండి. "మా పన్నెండు ఊళ్లలో ఏడాదిలో ముగ్గురు, ఇవిగో తేదీలు, మీ రిజిస్టరులో ఒక్కరే ఉన్నారు" అనండి. శాతాన్ని కొట్టిపారేయవచ్చు, తేదీని కొట్టిపారేయలేరు.

నాలుగు. హింస గురించి రాసుకున్న పుస్తకం ఆమె ఇంటి మనుషుల కంట పడితే ఆమె ప్రాణానికే ముప్పు. పేరు ఒక చోట, వివరాలు ఒక చోట పెట్టండి. ఆమె ఒప్పుకోనిదే ఏదీ బయటపెట్టకండి. మన అంకె కోసం ఆమెను వాడుకోకూడదు.

అయిదు. లెక్కలు ఆగిపోతే అడగండి. 2017-18 శ్రామిక సర్వే నివేదిక విడుదల చేయకుండా ఆపారని 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్‌లోని ఇద్దరు సభ్యులు రాజీనామా చేశారు. ఆ నివేదిక మే నెలలో ఎన్నికల తర్వాతే బయటకొచ్చింది. ఆదే ఏడు నవంబరులో వినియోగ వ్యయ సర్వే ఫలితాలను ప్రభుత్వం పక్కన పెట్టేసింది. ఆర్థికవేత్తలు గొడవ చేశారు. మహిళా సంఘాలు మాట్లాడలేదు. అది మన పని కాదనుకున్నాం. మన పనే.

ఆరు, ఆఖరుది. 2027 జనాభా లెక్కల గణకులు మీ ఊళ్లకు వచ్చేముందు సంఘాల సమావేశాల్లో ఒక్క గంట దీనికి కేటాయించండి. వాళ్లు వచ్చినప్పుడు ఆడవాళ్లను ఇంట్లోంచి బయటికి వచ్చి తమ జవాబు తామే చెప్పుకోమనండి. పొలం పనా, గేదెల పనా, బీడీలా, చీరల మీద అద్దకమా, ఏదైతే అది. ఒంటరి స్త్రీ తానే ఇంటి పెద్దనని చెప్పుకోవాలి. 2011లో మొదటిసారిగా 'ఇతరులు' అన్న గడిలో లెక్కకు వచ్చిన వాళ్లు 4 లక్షల 87 వేల మంది. ట్రాన్స్‌జెండర్ స్నేహితులు తమ ఇష్ట ప్రకారం నమోదు చేసుకునేలా పక్కన నిలబడదాం.

ఎన్నో సూచికలు, ఎన్నో లక్ష్యాలు వచ్చాయి, పోతాయి. 2030 తర్వాత ఇంకో పట్టిక వస్తుంది. గడప దగ్గర అడిగే ప్రశ్న మాత్రం అదే ఉంటుంది: "ఈమె ఏం చేస్తుంది?" జవాబు ఆమె నోటి నుంచే వచ్చేలా చూడడం ఢిల్లీ వల్లా కాదు, న్యూయార్కు వల్లా కాదు. ఆ గడప దాకా రోజూ వెళ్లేది మీరే.